ఏ పద్దు కింద?

ఈసారి ఫెబ్బీ సంతకం పెట్టలేదు.

అంతకు ముందు నెలల్లో అడగ్గానే పెట్టేసింది. లెక్కలు రాసే తొవేలా కాగితాన్ని కౌంటరు మీద పరిస్తే చాలు, నడుముకు చుట్టుకున్న చితెంగే గుడ్డ అంచుకి చేతులు తుడుచుకుని అడుగున పేరు రాసిచ్చేది. ఆ కాగితంలో ఉండేది ఒక్కటే మాట: గల్లాపెట్టెలో తక్కువ పడిన డబ్బు నా జీతంలో కోసుకోవడానికి ఒప్పుకుంటున్నాను. ఈ మంగళవారం మాత్రం దాన్ని రెండు వేళ్ళతో మళ్ళీ తొవేలా వైపే జరిపింది.

"ఎక్కడ పోయిందో చూపించు. పెడతాను."

"నాకెలా తెలుస్తుంది బా ఫెబ్బీ?" పెద్దవాళ్ళ పేరుకి ముందు చేర్చే ఆ "బా" మర్యాద తప్పకుండానే అంది తొవేలా. "మెషిను ఇంత రావాలంటోంది, మీరు అప్పజెప్పింది ఇంత. మధ్యలో తేడా ఉంది."

"మెషిను అంటోంది." ఫెబ్బీ నలిగిన క్వాచా నోట్లని ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేస్తోంది. బొమ్మలన్నీ ఒకవైపుకి తిప్పి, కట్టకి రబ్బరు బ్యాండు చుట్టింది. "మా చిలింబ చీటీ వాళ్ళకీ ఆ మాట చేరింది. మొన్న ఆదివారం చీటీ డబ్బు నా దగ్గర్నుంచి ఇంకొకామె ఇంటికి మార్చారు. ఎందుకని అడిగితే, నీకు పనెక్కువైంది కదా, ఇంకా ఈ శ్రమ దేనికి అన్నారు. ఇన్నేళ్ళూ లేని శ్రమ ఇప్పుడొచ్చింది నాకు."

తొవేలా వంటింటి వైపు చూసింది. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు తెడ్డుకి చెరో చెయ్యి వేసి పెద్ద గిన్నెలో మొక్కజొన్న పిండితో న్షిమా ముద్ద కెలుకుతున్నారు. వాళ్ళ మాటలు ఎప్పుడో ఆగిపోయాయి. చెవులన్నీ ఇటే ఉన్నాయి.

"ఓనరమ్మ బానా కసుబా ఒక మాట చెప్పమంది," అంది గొంతు తగ్గించి. "సంతకం పెట్టకపోతే శనివారం పోలీస్ స్టేషన్‌కి వెళ్తుందట."

"వెళ్ళమను. వాళ్ళయినా వెతుకుతారేమో."

అని ఫెబ్బీ తరవాత వచ్చినతన్ని పలకరించడానికి తిరిగింది. తొవేలా కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, మసాలా అనే ఆ పేట మార్కెట్టు గోలలోకి వచ్చి, టౌనుకి వెళ్ళే మినీబస్సు ఎక్కింది. వెతకాల్సింది ఎవరో ఆవిడ చెప్పకుండానే చెప్పింది. దారి పొడుగునా ఆ మాట గుచ్చుతూనే ఉంది.

*

న్డోలా పట్నంలో బానా కసుబాకి మూడు హోటళ్ళున్నాయి. మూడింటి లెక్కలూ టౌను హోటలు వెనకాల, కోల్డు రూముకి ఆనుకున్న చిన్న గదిలో తొవేలా జెరె రాస్తుంది. రెండు హోటళ్ళలో పాత బిల్లింగ్ మెషిన్లే ఉన్నాయి. మసాలా హోటల్లో మాత్రం చలికాలం మొదట్లో కొత్తది పెట్టారు. సాయంత్రం దుకాణం కట్టేసేముందు అది ఆనాటి అమ్మకాలన్నీ తనంతట తనే ఆఫీసు కంప్యూటరుకి పంపిస్తుంది. బానా కసుబా దాన్ని చూసి మురిసిపోయింది. తక్కువ పడడం కూడా ఆ కొత్త మెషినుతోనే మొదలైంది.

బుధవారం పొద్దున్నే తొవేలా రాజధాని లుసాకాకి ఫోన్ చేసింది. మెషిను అమ్మిన వాళ్ళ సహాయ కేంద్రంలో ఎత్తినతను బ్రైటన్. మంచిగానే మాట్లాడతాడు, పనే జరగదు.

"మేడమ్, అమ్మకం మా వైపు నుంచి సరిగ్గానే వస్తోంది. మొత్తం టాలీ అవుతోంది కదా?"

"మొత్తం టాలీ అవుతోంది బ్రైటన్. నోట్లు టాలీ అవ్వట్లేదు."

"నోట్లు మా సాఫ్ట్‌వేర్‌లో ఉండవు మేడమ్. క్యాషియర్ని మార్చి చూశారా?"

"మీ మెషినుని మార్చి చూడొచ్చా?"

అతను నవ్వాడు. ఫిర్యాదు నమోదు చేసుకుంటాననీ, నంబరు మెసేజ్‌లో వస్తుందనీ చెప్పాడు. నంబరు వచ్చింది. దాంతోపాటే కరెంటు పోయింది. కోల్డు రూము మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. వంటవాళ్ళు జెనరేటర్లో డీజిలు ఎవరు పోయాలని కీచులాడుకుంటుంటే, తొవేలా చీకటి తెర ముందు చేతులు ముడుచుకుని కూచుంది. ఈ ఊళ్ళో పని చెయ్యడమంటే సగం కరెంటు కోసం కూచోవడమే.

కరెంటు పోయిన రోజుల్లో మెషిను ఒకే బిల్లుని రెండుసార్లు పంపుతోందేమోనని ఆమెకి అనుమానం వచ్చింది. వెలుగు రాగానే బిల్లు నంబర్లు వరసగా దించి చూసింది. ఒక్కటి కూడా రెండుసార్లు లేదు. అప్పటికి మధ్యాహ్నం గడిచిపోయింది. మెడ పట్టేసింది, పొద్దున పోసుకున్న టీ చల్లారి మీగడ కట్టింది.

నెలకోసారి వచ్చి పుస్తకాలు చూసిపోయే ఆడిటరు చిలెక్వా ఆరోజే వచ్చాడు. మర్యాదస్థుడు. కుర్చీలో కూచునే ముందు జేబురుమాలుతో దాన్ని దులుపుకుంటాడు.

"తక్కువ పడిందాన్ని సిబ్బంది బాకీ కింద చూపిస్తున్నావు కదా? చాలు. లెక్క ప్రకారం శుభ్రంగా ఉంది."

"ఆవిడ తియ్యలేదనుకోండి సార్?"

"అది లెక్కలకి సంబంధించింది కాదమ్మా. అది మనుషులకి సంబంధించింది."

ఆయనకి చెప్పినా గోడతో చెప్పుకున్నా ఒకటే. ఇంతలో బానా కసుబా లోపలికొచ్చింది. పేరేమైనా కానీ, పెద్ద కొడుకు కసుబా పుట్టిన దగ్గర్నుంచి ఊరందరికీ ఆవిడ బానా కసుబా, అంటే కసుబా వాళ్ళమ్మే. చేతిలో చేపల తూకం చీటీలు, భుజాన హ్యాండ్‌బ్యాగు, రెండూ బల్ల మీద పడేసింది.

"సంతకం పెట్టిందా?"

"లేదు."

"పెట్టదు. పాత మెషినుకి కళ్ళు లేవు కాబట్టి ఇన్నాళ్ళూ దొరకలేదు. దీనికి కళ్ళున్నాయి." కుర్చీ లాక్కుని కూచుంది. "మనుషుల్ని నమ్మి మా మరిది చేతిలో ఒక హోటలు పోగొట్టుకున్నాను. మెషిను దొంగతనం చెయ్యదు తొవేలా. దానికి పిల్లల ఫీజులుండవు, అంత్యక్రియలుండవు."

"దానికి తెలివీ ఉండదు. చెప్పింది చేస్తుందంతే."

"మీ న్గోనీలు ఎలక కలుగు కనపడితే తవ్వకుండా ఉండలేరు. తవ్వుకో. శనివారం దాకా టైముంది."

"కోతిని పట్టుకోవాలంటే మీ బెంబావాళ్ళనే పిలుస్తాలెండి," అంది తొవేలా. ఎలకలు తింటారని వీళ్ళనీ కోతుల్ని తింటారని వాళ్ళనీ రెండు తెగలవాళ్ళూ ఆట పట్టించుకునే పాత వేళాకోళమే కానీ, ఈసారి ఇద్దరికీ నవ్వు రాలేదు.

*

గురువారం ఆమె ఆఫీసుకి వెళ్ళలేదు. నేరుగా మసాలా వెళ్ళి కౌంటరు పక్కన ఎత్తు స్టూలు వేసుకుంది. ఫెబ్బీ ఒకసారి చూసింది.

"కాపలానా?"

"చూసి పోదామని."

"చూడు. చూస్తే పోయేదేముంది."

మధ్యాహ్నమయ్యేసరికి జనం తలుపు దాకా నిలబడ్డారు. మార్కెట్లో బట్టలమ్మేవాళ్ళు, బస్సు కండక్టర్లు, క్లినిక్కు నర్సులు. ఫెబ్బీ చేతులు తొవేలా కళ్ళకి అందడం లేదు. ఎడమ చెయ్యి ప్లేటు అందిస్తూ ఉంటే కుడిచెయ్యి తెర మీద తడుతోంది. న్షిమా, వేరుసెనగ పొడి వేసిన ఆకుకూర, నాటుకోడి, ఇంకొకరికి కపెంటా చేపలు. ఎవరు చిల్లర లేదంటారో, ఎవరు ముందు తిని తరవాత జేబులు తడుముకుంటారో మొహం చూసే పోల్చుకుంటోంది.

"ఏమ్మా ఫెబ్బీ, నా ప్లేట్లో ముక్క చిన్నదైంది. కోడిది తప్పా నీది తప్పా?" అన్నాడొక కండక్టరు.

"నీ టిక్కెట్టు చిల్లర్లాగే ఉంటుంది నాయనా. ఇస్తావా ఎప్పుడైనా పూర్తిగా?"

వరస నవ్వింది. ఇంత చలాకీ మనిషి మీద తను నెలనెలా కాగితం తెచ్చి పెడుతోంది. తొవేలా తల వంచుకుని గమనించడంలో పడింది.

ఎక్కువమంది ఫోనులోనే కడుతున్నారు. తెర మీద దానికి రెండు బటన్లున్నాయి. ఒకటి ఎర్ర కంపెనీది, ఒకటి పసుపు కంపెనీది. కొన్నాళ్ళుగా పసుపు వాళ్ళు కమిషను తీసేశారు కాబట్టి జనం అటే మొగ్గుతున్నారు. ఫెబ్బీ కొనేవాడి ఫోనులో మెసేజ్ చూసి, సరైన రంగు నొక్కి, బిల్లు చింపి ఇస్తోంది. ఒక్కసారి కూడా తడబడలేదు.

సాయంత్రం దుకాణం కట్టేముందు మెషిను రోజు చీటీ కక్కింది. మూడే వరసలు: క్యాష్, కార్డు, ఫోన్. తొవేలా ఆ చీటీని ఎన్నోసార్లు చూసింది. ఫోన్ వరసలో అంకె ఉంది కదా అని ఎప్పుడూ అనుమానం రాలేదు. ఇవాళ కళ్ళారా చూసిన జనంతో పోలిస్తే ఆ అంకె చిన్నగా ఉంది.

"బా ఫెబ్బీ, మెషిను అప్పుడే కట్టెయ్యకండి."

తన ఫోను తీసి పసుపు ఖాతాలోంచి ఒక ముంకోయో పానీయం సీసాకి కట్టింది. ఫెబ్బీ ఏమీ అడక్కుండా పసుపు బటను నొక్కింది. తొవేలా చీటీ మళ్ళీ తీసింది. ఫోన్ వరస కదల్లేదు. కార్డు వరస కదల్లేదు. క్యాష్ మీద మాత్రం సరిగ్గా ఒక ముంకోయో సీసా ధర పెరిగింది.

ఇద్దరూ ఆ చీటీ మీదికి వంగారు.

"నువ్వు నాకు నోటు ఇవ్వలేదు," అంది ఫెబ్బీ నెమ్మదిగా.

"ఇవ్వలేదు."

"ఇది మాత్రం ఇచ్చావంటోంది."

"రోజూ అదే అంటోంది."

ఫెబ్బీ కౌంటరు అంచు పట్టుకుంది. ఏడుస్తుందేమోనని తొవేలా భయపడింది. ఏడవలేదు. సీసా మూత తీసి తొవేలా ముందు పెట్టింది.

"తాగు. డబ్బు కట్టావుగా."

*

శుక్రవారం పొద్దున్న బ్రైటన్ని ఫోనులో పట్టుకుని ఈసారి వదల్లేదు. పసుపు బటను వెనకాల ఏ ఖాతా నంబరుందో చదవమంది. అతను చదివాడు. క్యాష్ బటను వెనకాలది చదవమంది. చదివి ఆగిపోయాడు.

"రెండూ ఒకటే మేడమ్."

"ఎలా ఒకటయ్యాయి?"

"పసుపు బటను మీకు మెషిను పంపేముందు చివర్లో కలిపారు. ఎవరో... మా వాళ్ళే... క్యాష్ బటన్ని కాపీ చేసి, రంగూ పేరూ మార్చి, లోపల నంబరు మార్చడం మరిచిపోయినట్టున్నారు." పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం వేసేసి, ఇప్పుడంత మెల్లగా చెబుతున్నాడు. "నిమిషంలో మార్చేస్తాను మేడమ్. క్యాషియరమ్మకి సారీ చెప్పండి."

"మీరే చెప్పండి. నంబరిస్తాను."

నంబరు సగం చెప్పిందో లేదో, లైను కట్టయింది.

చిక్కులో ఇంకో సగం తొవేలా పుస్తకాల్లోనే దొరికింది. పసుపు డబ్బు ఎటూ పోలేదు. బానా కసుబా పేరుమీదున్న పసుపు ఖాతాలో పడి, వారానికోసారి బ్యాంకుకి చేరుతోంది. ఆ ఖాతాకే పెళ్ళిళ్ళ కుర్చీలూ టెంట్ల అద్దె కూడా వస్తుంది. మెషిను చూపించిన ఫోన్ అమ్మకంతో ఎర్ర డబ్బు సరిగ్గా సరిపోవడంతో, పసుపుదంతా టెంట్ల మీదే వస్తోందనుకున్నారు. చిలెక్వా ఇతర ఆదాయంలో వెయ్యమన్నాడు, తను వేసింది.

బానా కసుబా మొదట తిట్టింది బ్రైటన్‌ని. తరవాత చిలెక్వాని. అక్కణ్ణించి తొవేలా మీదికొచ్చింది.

"నువ్వేం చేస్తున్నావు ఇన్నాళ్ళూ?"

"కాగితాలు తీసుకెళ్ళి సంతకాలు పెట్టిస్తున్నాను."

బానా కసుబా కుర్చీలో కూలబడింది. కిటికీ అవతల ఎవరో చేపల పొలుసు గీకుతున్నారు. "సరిగా చెప్పు. నాకు అర్థమయ్యేలా."

"ఒకే డబ్బు రెండుసార్లు లెక్కలోకొచ్చింది. ఒకసారి హోటలు అమ్మకంగా, ఒకసారి టెంట్ల ఆదాయంగా. అమ్మకం వైపు నోట్లు కావాలంది మెషిను. లేని నోట్లు ఎక్కణ్ణించి వస్తాయి? బా ఫెబ్బీ జీతంలోంచి కొంత తెచ్చాం, మిగతాది ఆవిడ పేర బాకీ రాశాం."

"అయితే టెంట్ల లాభం?"

"మీరనుకున్న దాంట్లో సగం కూడా లేదు."

బానా కసుబా హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి తీసుకుని దాని కొక్కెం తెరుస్తూ మూస్తూ ఉంది. "కన్సెన్షీలో నాలుగో హోటలుకి అడ్వాన్సు ఇచ్చేశాను. టెంట్లు ఇంత బాగా ఆడుతున్నాయి కదా అని." కోపం పోయిన గొంతు అది. తొవేలాకి జాలేసింది, వెంటనే ఫెబ్బీ గుర్తొచ్చి ఆ జాలి మీద విసుగు పుట్టింది.

కొక్కెం మూసి ఆవిడ లేచింది. "సరే. కోసిందంతా ఇచ్చెయ్. సిబ్బంది సంక్షేమం కింద రాయి."

"అది క్రిస్మస్‌కి పిండి బస్తాలు పంచినప్పుడు రాసే పద్దు."

"అయితే?"

"అది దానం. ఇది ఆవిడ డబ్బు."

"ఏ పేరు పెడితేనేం? చేతికొచ్చేవి అవే నోట్లు."

"మెషిను కూడా అదే అనుకుంది, ఏ ఖాతా అయితేనేం అని. ఆ మాట మీదే ఆవిడ దొంగయింది."

బానా కసుబా చిలెక్వాకి ఫోన్ చేసింది. సంక్షేమమే మేలనీ, అలాగైతే ఎవరూ ప్రశ్నలడగరనీ ఆయన చెప్పడం తొవేలాకి వినిపిస్తూనే ఉంది. ఆమె తల తిప్పకుండా కొత్త పద్దు తెరిచి పేరు కొట్టింది: గల్లా లోటని పొరపాటున కోసిన జీతం, వాపసు. ఉద్యోగం పోతే ఇంటద్దె ఎలాగన్నది వేరే లెక్క. తెరని ఆవిడ వైపు తిప్పింది.

ఆవిడ ఫోను చెవికి ఉంచుకునే చదివింది. పెదాలు కదుపుతూ రెండోసారి చదివింది.

"తరవాత మాట్లాడతాను బా చిలెక్వా," అని ఫోను పెట్టేసింది. "పొరపాటున అన్న మాట ఉండాలా?"

"ఉండాలి."

"ఎలకలు తినే జాతి. పళ్ళు దిగితే వదలరు." ప్రింటు తియ్యమని చెయ్యి ఊపింది.

*

శనివారం బానా కసుబా మసాలాకి స్వయంగా వచ్చింది, పోలీసులు లేకుండా. తొవేలా వెంట ఉంది. వంటవాళ్ళు తెడ్లు ఆపేశారు. ఆవిడ కవరూ కాగితమూ కౌంటరు మీద పెట్టి, గొంతు సవరించుకుంది.

"తప్పు మెషినుది ఫెబ్బీ. నీది కాదు. మాది కూడా... సరే. అందరూ వినండి. ఈవిడ ఒక్క న్గ్వే చిల్లర కూడా తియ్యలేదు."

ఫెబ్బీ కాగితం తీసుకుని గట్టిగానే చదివింది. పద్దు పేరు దగ్గర ఆగి, తొవేలా వైపు చూసి తలూపింది. కవరులో నోట్లని నింపాదిగా లెక్కపెట్టింది. అప్పుడు గల్లాపెట్టె తాళంచెవి మెడలోంచి తీసి కౌంటరు మీద పెట్టింది.

"వచ్చే సోమవారం నుంచి రాను బానా కసుబా."

తొవేలాకి ముందు అర్థం కాలేదు. "అదేంటి బా ఫెబ్బీ? అంతా తేలిపోయింది కదా."

"తేలిపోయింది కాబట్టే. లుబుటోలో మా చెల్లెలు వంటల కొట్టు పెట్టి ఎన్నాళ్ళనుంచో రమ్మంటోంది. ముందే పోతే దొంగ పారిపోయిందనేవాళ్ళు. ఈ కాగితం కోసం ఆగాను." మడిచి జాకెట్టులో దోపుకుంది. "ఇది మా చిలింబ వాళ్ళకి చూపించాలి."

బానా కసుబా తాళంచెవిని ఫెబ్బీ వైపు జరపబోయి ఆగింది. జీతం పెంచుతాననబోయిందని తొవేలాకి అనిపించింది. కన్సెన్షీ అడ్వాన్సు గుర్తొచ్చి ఉంటుంది, అనలేదు.

అప్పటికే జనం రావడం మొదలైంది. నిలబడ్డవాళ్ళు కౌంటరు మీద వేళ్ళతో తడుతున్నారు. వేరే దారి లేక బానా కసుబా హ్యాండ్‌బ్యాగు పక్కన పెట్టి, లోపలికొచ్చి తెర ముందు కూచుంది. ఆవిడ వేలు ఒక్కో బొమ్మ మీదా ఆగి ఆగి వెతుక్కుంటోంది. వరస కదలడం లేదు.

ఫెబ్బీ ఏప్రను విప్పి కొక్కేనికి తగిలించింది. కానీ తలుపు వైపు వెళ్ళలేదు. వెళ్ళి వరస చివర నిలబడింది. పనివాళ్ళు వెనక వరండాలో పీట మీద కూచుని తినాలే తప్ప, ఆ బల్లల దగ్గర ఏనాడూ కూచోలేదు. తన వంతు వచ్చినప్పుడు న్షిమా, వేయించిన చేప, ఆకుకూర చెప్పింది. ప్లేటు తీసుకుని కిటికీ పక్క బల్ల దగ్గర కూచుని, బల్ల మీది గిన్నెలో చేతులు కడుక్కుని, ముద్ద చేసుకుంటూ తీరిగ్గా తింది. తొవేలాని పిలిచి చేపలో సగం పెట్టింది. ఉప్పు సరిపోయిందా అని ఒకరు, సరిపోయిందని ఒకరు.

తిని లేచి కౌంటరు దగ్గరికి వచ్చి, కవరులోంచి ఒక నోటు తీసి చాచింది.

బానా కసుబా ఆ నోటు కేసి చూసింది, ముట్టుకోలేదు. "ఉంచుకో ఫెబ్బీ. నీ దగ్గర తీసుకుంటానా నేను?"

"తీసుకోండి బానా కసుబా," అంది ఫెబ్బీ. "తీసుకుని మెషిన్లో కొట్టండి. లేకపోతే సాయంత్రానికి ఎవరి లెక్కలోనో తక్కువ పడుతుంది."